వంకర కుట్టు

తిరిగొచ్చిన చొక్కాని యజమానురాలు బల్ల మీద పరిచింది. మడతలు పోయేలా అరచేత్తో రెండుసార్లు నిమిరింది. ఆ నిమరడంలో ముద్దు లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుకుతున్నట్టు ఉంది.

"పెద్దక్కా, ఒకసారి ఇలా రండి."

పెద్దక్క సూదిని బట్టకి గుచ్చి, ఒళ్లో పడ్డ దారపు ముక్కలు దులుపుకుని లేచింది. ఆ గదిలో చాపల మీద కూర్చుని కుట్టే ఎనిమిది మందిలో మొదట చేరింది ఆమే. అందుకని అందరికీ పెద్దక్కే. వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. ఆ పిలుపు ఆమెకి ఇష్టం. కిటికీ పక్కన వెలుతురు పడే చోటు ఆమెది. ఎవరు ఏది కుట్టినా ముందు ఆమె చేతికి రావాలి. ఆమె వేలి కొసతో కుట్టు మీద ఒకసారి నడిచి, బాగుంటే పక్కన పెడుతుంది, బాగోకపోతే "విప్పు" అంటుంది. రెండో మాట ఉండదు.

బల్ల మీది చొక్కాని చూడగానే గుర్తుపట్టింది. దానిమ్మ తొక్కల పసుపు మీద ఒక్క మునక నీలి వేస్తే వచ్చే ఆకుపచ్చ. ఆరు రోజులు కుట్టింది దాన్ని.

"చిన్నదైందా మేడం?"

"సైజు సరిపోయిందట. కొన్నవాళ్లు ఇది మిషన్ కుట్టు అంటున్నారు." యజమానురాలు ఫోన్ చూసి చదివింది. "మిషన్ మీద కుట్టి, చేత్తో కుట్టామని కార్డు పెట్టి అమ్ముతున్నారు. ఇది మోసం. నలుగురికీ చెప్తాం... ఇదీ వరస."

పెద్దక్కకి నవ్వొచ్చింది. పొగడ్తలాగే వినిపించింది. అయితే యజమానురాలి ముఖంలో నవ్వు లేదు.

"మీ ఇంట్లో మిషనుందా పెద్దక్కా?"

గదిలో సూదులు ఆగిపోయాయి.

"ఉంది మేడం. మా ఆయన ప్యాంట్లు కురచ చేయడానికి."

"రోజూ కొంత పని ఇంటికి పట్టుకెళ్తారు కదా?"

అప్పటికి గాని మాట ఎటు పోతోందో ఆమెకి అర్థం కాలేదు. తల కొట్టేసినట్టయింది. చొక్కాని తిరగేసింది. చంక కింద కుట్టు దగ్గర గోరుతో ఒక పోగు లేపింది. "మిషన్ కుట్టుకి పైనొకటి, కిందొకటి రెండు దారాలుంటాయి మేడం. దీనికి ఒక్కటే. లోపల చూడండి, ఒక కుట్టు మీదికి ఇంకో కుట్టు ఎక్కి ఉంటుంది. మిషన్ అలా ఎక్కించలేదు."

యజమానురాలు వంగి చూసింది. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూసింది. "నాకు తెలుసు. నాకు తెలిస్తే ఏం లాభం? వేసుకునేవాళ్లు చొక్కా తిరగేసి చూస్తారా?"

"అయితే నన్నెందుకడిగారు మేడం, మిషనుందా అని?"

"అడగాలి కదా. రేపు వాళ్లు నన్నడుగుతారు."

ఆ తర్వాత జరిగింది పెద్దక్క ఎన్నాళ్లకీ మర్చిపోలేదు. యజమానురాలు గది మధ్యలో ఒక స్టూలు వేయించింది. తెల్లటి పీలికా, సూదీ, దారం చేతికిచ్చింది. ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడింది. "ఒక జానెడు కుట్టండి. ముఖం కూడా కనపడాలి. వాళ్లకి పంపిస్తాను."

అంతమందిలో, స్టూలు మీద, దొంగతనం చేసి దొరికినట్టు కూర్చుని పెద్దక్క కుట్టింది. దారాన్ని మైనం మీద లాగి, కొస నోట్లో తడిపి, సూదిలోకి ఒక్కసారికే పోనిచ్చింది. కుట్టు వెనక్కి ఒకటి, ముందుకి రెండు. మెడ వంచలేదు. కోపంలో చెయ్యి ఇంకా తిన్నగా నడిచింది. జానెడు పూర్తయ్యేసరికి ఆ కుట్టు స్కేలు పెట్టి గీసినట్టుంది.

యజమానురాలు ఫోన్ దించి, పీలికని చూసి నిట్టూర్చింది. "ఇదే పెద్దక్కా గొడవ. ఇది పంపితే ఇంకా అనుమానపడతారు."

అంటూ కుట్టిన ముక్కల బుట్టలో చెయ్యి పెట్టి కెలికింది. ఒక చేతి ముక్క బయటికి తీసింది. నీలి బట్ట. మణికట్టు దగ్గర మడత కుట్టు సగం విప్పేసి ఉంది, సగం అలాగే ఉంది. ఆ మిగిలిన సగంలో కుట్లు ఒకటి పొట్టి, రెండు పొడుగు, ఇంకొకటి మడత గట్టు దాటి పక్కకి పోయింది. పొద్దున పెద్దక్కే "విప్పు" అని విసిరేసిన ముక్క అది.

"ఇదెవరు కుట్టారు?"

మూల నుంచి చిన్నమ్మాయి చెయ్యెత్తింది. పేరుకే చిన్నమ్మాయి, ముప్ఫై దాటాయి. పెద్దక్కకి తోడికోడలు. అత్తవారింట్లో చిన్న కోడలు గనక ఇంట్లో ఆ పిలుపు, పనిలోకీ అదే వచ్చింది. ఏ తప్పుకి నిలదీస్తారోనని ఆమె అప్పటికే తల దించుకుంది.

"ఇదీ చెయ్యంటే!" అంది యజమానురాలు. ముక్కని అందరికీ కనిపించేలా పైకెత్తింది. "చూడగానే ఒక మనిషి కూర్చుని కుట్టిందని తెలుస్తోంది. మనం అమ్మేది ఇదే. తిన్నగా ఉన్న బట్ట కావాలంటే వాళ్లకి ఏ షాపులోనైనా దొరుకుతుంది. పెద్దక్కా, ఇకనుంచి మీరు ఇలా కుట్టండి."

ఎవరో పక్కకి తిరిగి పమిటలో నవ్వారు. పదేళ్లుగా ఆమె చేతిలో విప్పించుకున్నవాళ్లే గదినిండా. నవ్వే హక్కు అందరికీ ఉంది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి నడిచి ఇంటికొచ్చారు. ఒకే ఇంట్లో రెండు గదులు అన్నదీ, రెండు గదులు తమ్ముడిదీ, వంటగది మాత్రం ఒకటే. పెద్దక్క బియ్యం కడుగుతూ అంది, "నీ వంకర టింకరలకి రాజయోగం పట్టిందే."

చిన్నమ్మాయి ఉల్లిపాయలు వలుస్తోంది. ఆ పొరలు పారేయకుండా పక్కన సంచిలో వేస్తోంది. రంగుకి పనికొస్తాయి, పొద్దున పట్టుకెళ్లాలి.

"నేనడిగానా అక్కా?"

"అడగక్కర్లేదులే. చేతకానితనానికి కూడా రోజులొస్తాయని ఇవాళ తెలిసింది."

చిన్నమ్మాయి వలుస్తూనే ఉంది. ఉల్లిపాయ పట్టుకున్న ఎడమచేతిలో చూపుడువేలు ఎప్పటిలాగే వంగకుండా బిగుసుకుని ఉంది. దాన్ని పెద్దక్క రోజూ చూస్తూనే ఉంటుంది. చూసి చూసి కనిపించడం మానేసింది.

* * *

మర్నాడు పెద్దక్క వంకరగా కుట్టడానికి కూర్చుంది.

పిల్లలు రాసినట్టు రాయమంటే పంతులుగారు పడే అవస్థ అది. సూదిని కావాలని పక్కకి పోనిచ్చేది. తర్వాతి కుట్టు తనంతట తనే దారిలోకి వచ్చేసేది. ఒకటి పొడుగ్గా వేసేది, వెంటనే చెయ్యి దానికి సరిపడా పొట్టిది వేసేది. మధ్యాహ్నానికి ఒక కాలరు పూర్తి చేసి ఇచ్చింది. యజమానురాలు దాన్ని వెలుతురులో పెట్టి చూసింది.

"పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు. మళ్లీ పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు. ఇది డిజైన్ పెద్దక్కా!"

"వేరేలా రావడం లేదు మేడం."

"మీ తోడికోడలికి వస్తోంది కదా? పక్కనే కూర్చుని చూడండి."

పెద్దక్క ముఖం మాడిపోయింది. యజమానురాలు ఇదేం గమనించలేదు. ఆమె చెడ్డది కాదు. కేకలేసేది కాదు, ఎవరికైనా జ్వరమొస్తే మాత్రలు తెచ్చి ఇచ్చేది. ఆమెకి కావలసింది ఒకటే. గోడ మీద అంటించిన కార్డుల్లో ఉన్న మాటలు నిజమవ్వాలి. 'మొక్కల రంగు, మనిషి చెయ్యి. హెచ్చుతగ్గులే దీని అందం.' ఆ మాటలకి అడ్డొచ్చింది ఏదైనా సరే, నవ్వుతూనే పక్కకి జరిపేసేది.

"పోనీ ఒక పని చేద్దాం," అంది. "వచ్చేవారం నలభై నీలి చొక్కాలు పోవాలి. రంగు తాత భుజం పట్టేసిందని ఒక్కచేత్తో చేస్తున్నాడు. మీరు నాలుగు రోజులు రంగు తొట్టి దగ్గర సాయం ఉండండి. కుట్టు సంగతి మర్చిపోయి రండి. ఈలోగా చిన్నమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఫోటోలకి ఆ వెలుతురు బాగుంటుంది."

పెద్దక్క తన చాప చుట్టుకుంది. మైనం ముక్క, కత్తెర, వేలి తొడుగు డబ్బాలో వేసి మూత పెట్టింది. చిన్నమ్మాయి తన చాప పట్టుకుని ఆమె లేచేదాకా నిలబడే ఉంది.

"కూర్చో," అంది పెద్దక్క. "వెచ్చగానే ఉంటుంది. నేనే కదా కాచి ఉంచాను."

* * *

రంగు వేసే చోటు వెనక పెరట్లో, రేకుల కింద. నేలలో సగం దాకా పాతిన మూడు పెద్ద బానలు. అవే తొట్లు. పక్కన పొయ్యి మీద దానిమ్మ తొక్కలు ఉడుకుతుంటాయి. ఒక మూల సున్నం గోతం, ఇంకో మూల మాగిపోయిన పళ్ల బుట్ట. పళ్లు ఉడికించిన నీళ్లూ సున్నమూ కలిస్తే తప్ప నీలి కరగదు. వాసన మాత్రం ముక్కు మూసుకునేలా ఉంటుంది.

రంగు తాత అక్కడే ముసలివాడయ్యాడు. ఎడమ భుజానికి గుడ్డ కట్టుకుని, కుడి చేత్తో కర్ర పట్టుకుని ఒక బాన చుట్టూ తిరుగుతున్నాడు.

"రామ్మా పెద్దక్కా. ఇన్నాళ్లకి మా గడప తొక్కావు," అన్నాడు. "మెల్లగా దించు బట్టని. బుడగ లేవకూడదు. తొట్టిది అత్తగారి బుద్ధి. కాస్త చప్పుడైతే చాలు, ముఖం మాడ్చుకుని రంగు విడవదు."

"గ్లౌజులేవి తాతా?"

"అవెక్కడివి? రబ్బరూ ప్లాస్టిక్కూ గేటు లోపలికి రాకూడదని కార్డు మీద రాశారుగా. పోయినేడాది నేనొక జత కొనుక్కుంటే మేడం చూసి, నవ్వుతూనే పట్టుకుపోయింది."

పెద్దక్క చేతులు మోచేతుల దాకా తొట్టిలో పెట్టింది. గోరువెచ్చగా ఉంది. పైన రాగి మెరుపుతో నీలం నురగ, లోపల నీళ్లు మాత్రం ఆకు పసరులా ఉన్నాయి. చొక్కాని నీళ్ల అడుగునే పిసకాలి, మడతల్లోకి రంగు ఎక్కేలా వేళ్లతో విప్పుతూ తిప్పాలి. పైకి తీస్తే ఆకుపచ్చగా వస్తుంది. గాలి తగిలి చూస్తుండగానే నీలమవుతుంది. మొదటి చొక్కా తీగ మీద రంగు మారుతుంటే ఆమె అవమానం కూడా ఒక నిమిషం మర్చిపోయి చూసింది.

మొదటి రోజు చేతులు చిమచిమలాడాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకుంది. రెండో రోజుకి వేళ్ల కొసల మీద తోలు బిగిసి, నున్నగా, ఎవరిదో తోలు తెచ్చి అతికించినట్టయింది. మూడో రోజు సున్నం ఎక్కడెక్కడ పట్టిందో అక్కడల్లా సన్నటి పగుళ్లు వచ్చాయి. ప్రతి మునకకీ ఆ పగుళ్లలోకి మంట దిగేది. ఒక్కో చొక్కాకి ఆరు మునకలు. ఆమె పళ్లు బిగపట్టుకుని ముంచింది. యజమానురాలు వచ్చి, ఆమె చేతుల్ని తొట్టి అంచు మీద పెట్టించి ఫోటో తీసుకుంది. "ఈ నీలం ఎంత బాగుందో! కడగకండి, ఇంకొకటి," అంది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం తాత తీగకి బట్టలు ఆరేస్తూ అన్నాడు, "నీకు ఓపిక తక్కువే అమ్మాయ్. అప్పుడే ఊదుకుంటున్నావు. మీ తోడికోడలు మూడేళ్లుంది ఇక్కడ. ఒక్కరోజు అబ్బా అని అనలేదు."

"దానికేం, మొద్దు మనిషి."

"మొద్దేంటి? చివరికొచ్చేసరికి వేళ్ల చివర నెత్తురు చెమర్చేది. ఆ వేలికి చీము పట్టింది. నాటుమందు నేనే కట్టాను. తగ్గింది గానీ వంగడం మానేసింది." తాత చొక్కా భుజాలు సరిచేసి, క్లిప్పు పెట్టాడు. "అయినా ఎందుకు పంపావమ్మా దాన్ని ఇక్కడికి? అప్పట్లో మేడంతో నువ్వేగా చెప్పావు, దాని చెయ్యి ఇంకా కుదర్లేదు, కొన్నాళ్లు తొట్టి దగ్గర ఉంచండి అని."

"కుదర్లేదు గనకే చెప్పాను."

తాత నవ్వాడు. ఎత్తిపొడుపు లేదు ఆ నవ్వులో. ఎప్పటిదో గుర్తొచ్చిన నవ్వు అది. "ఊరుకో. చూపు తగ్గింది గానీ మతి పోలేదు నాకు. మొదటి నెల మీ ఇద్దరి ముక్కలూ రంగుకొస్తే ఏది ఎవరిదో నాకు తెలిసేది కాదు. తర్వాత్తర్వాత తెలిసింది. కాస్త సన్నగా ఉంటే అది చిన్నమ్మాయిది."

పెద్దక్క వంగి ఇంకో చొక్కా తీసుకుంది. తొట్టిలో ముంచింది. బుడగలు లేచాయి.

"మెల్లగా," అన్నాడు తాత.

ఆ కాలరు ఆమెకి బాగా గుర్తుంది. తెల్ల నూలు బట్ట. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వెతికినా దొరకలేదు. కొత్తగా వచ్చిన తోడికోడలు దాన్ని తెచ్చి, తప్పులేమైనా ఉన్నాయేమో చూడండక్కా అని ఒళ్లో పెట్టింది. అలాంటి కాలరు అప్పటికి తనెప్పుడూ కుట్టలేదు. ఆ సాయంత్రమే యజమానురాలి దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పింది. చెప్పేటప్పుడు తన గొంతు ఎంత మామూలుగా ఉందో కూడా గుర్తుంది.

మూడేళ్ల తర్వాత చిన్నమ్మాయి తిరిగి గదిలోకి వచ్చి కూర్చుంది. కుట్లు వంకర పోయాయి. పెద్దక్క "విప్పు" అంది. ఆ తర్వాత రోజూ అంటూనే ఉంది. అంటూ అంటూ అదే నిజమని తనే నమ్మేసింది.

* * *

ఐదో రోజు ఆమెని మళ్లీ కుట్టుకి పిలిచారు. కిటికీ పక్కన చిన్నమ్మాయి ఉంది. పెద్దక్క చాప మూలన, కొత్తగా చేరిన ఆవిడ పక్కన పడింది. ఆ కొత్తావిడ అంతకుముందు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. అందరూ ఆసుపత్రావిడ అంటారు. పొట్టిగా, మాటకి ముందు నవ్వే మనిషి. చేరి నెలే అయింది గానీ చేతిలో నేర్పుంది. చీమల బారులా, సన్నటి కుట్టు.

పెద్దక్క సూదికి దారం ఎక్కించబోయింది. వేళ్లకి దారం అందలేదు. అంటే పట్టుకున్నట్టే కనిపిస్తోంది, కానీ పట్టుకున్నట్టు తెలియడం లేదు. నాలుగోసారికి ఎక్కింది. కఫ్ ముక్క తీసుకుని మొదలుపెట్టింది. ఎప్పుడూ ఆమె చూసి కుట్టేది కాదు. ఎడమచేతి వేలు బట్ట కింద ఉండి, సూది మొన తగిలిన చోట ఇంక చాలు అని చెప్పేది. ఇవాళ ఆ వేలు ఏమీ చెప్పలేదు. సూది ఎక్కడ దిగిందో పైకి తీసి చూస్తే గాని తెలియడం లేదు. ఒకటి పొడుగైంది. ఒకటి గట్టు దాటింది. సరిచేద్దామని వెనక్కి పోతే అక్కడ ఇంకొకటి వంకరైంది.

ఎవరూ చూడకుండా విప్పేద్దామని సూది మొనతో కుట్టు ఎత్తుతుండగా యజమానురాలి చెయ్యి వచ్చి బట్ట లాక్కుంది.

"ఆగండి. విప్పకండి!"

కళ్లజోడు పైకి తోసుకుంది. కఫ్‌ని ముందుకీ వెనక్కీ తిప్పింది. ముఖం వెలిగిపోయింది.

"ఇదీ! అందరూ చూడండి. పెద్దక్క చెయ్యి వచ్చేసింది. ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఒక్క కుట్టు ఇంకోదానిలా లేదు." చిన్నపిల్లని మెచ్చుకున్నట్టు పెద్దక్క భుజం తట్టింది. "నాలుగు రోజుల్లో ఎలా మారింది పెద్దక్కా?"

పెద్దక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది. పమిట కొంగు వాటి మీదికి లాక్కుంది.

యజమానురాలికి జవాబు అక్కర్లేదు. తనే వెతుక్కుంది. "తొట్టి! అవునా? అక్కడ నాలుగు రోజులు నిలబడితే చెయ్యి ఆ పట్టు వదిలేసింది. చిన్నమ్మాయి కూడా తొట్టి దగ్గర్నుంచి వచ్చిన మనిషే కదా. నాకు తట్టనే లేదు చూడండి!" అంటూ గది చుట్టూ చూసింది. ఒక్కొక్కరి ఒళ్లో ఉన్న బట్ట మీదా ఆ చూపు ఆగి ఆగి నడిచింది. ఆసుపత్రావిడ దగ్గర నిలిచిపోయింది. "మీ కుట్టు కూడా మరీ తిన్నగా ఉంటోంది. వంతులవారీగా అందర్నీ పంపుదాం. ముందు మీరు వెళ్లండి. నెల్రోజులు. తర్వాత మిగతావాళ్లు."

"అలాగే మేడం," అంది ఆసుపత్రావిడ. అదేదో మంచి అవకాశమన్నట్టు నవ్వింది కూడా.

పెద్దక్క ఆ నవ్వు చూసింది. కిటికీ వైపు చూసింది. చిన్నమ్మాయి కుట్టడం ఆపలేదు. చెయ్యి మాత్రం గాలిలో ఒక క్షణం ఎక్కువ నిలిచింది.

"తొట్టి వల్ల కాదు మేడం."

"మరి?"

ఈ గదిలో ఇన్నేళ్లలో ఆ మాట అనాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. "మా చిన్నమ్మాయి నేర్పింది. ఇంట్లో. రోజూ సాయంత్రం కూర్చోబెట్టి నేర్పింది."

నవ్వుదామనుకున్నవాళ్లకి కూడా నవ్వు రాలేదు.

"నిజంగా?" అంది యజమానురాలు. "చిన్నమ్మాయ్, నీ దగ్గర ఇంత విద్య పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదే!"

చిన్నమ్మాయి తలెత్తి పెద్దక్క వైపు చూసింది. ఆ చూపులో కృతజ్ఞత వెతికినా లేదు. "ఇందులో చెప్పడానికేముంది మేడం," అంది.

"ఇంకేం, మరీ మంచిది. తొట్టి గొడవ వద్దు. భోజనాలయ్యాక అందరికీ నువ్వే నేర్పు. కిటికీ దగ్గరే కూర్చో, నేను వీడియో తీస్తాను."

* * *

అన్నాలు తిన్నాక పెద్దక్క పెరట్లో కొళాయి దగ్గర గిన్నె కడుక్కుంటోంది. చేతికి చన్నీళ్లు హాయిగా ఉన్నాయి. వెనకనుంచి చిన్నమ్మాయి వచ్చి నిలబడింది.

"ఎందుకన్నారు ఆ మాట?"

"ఆసుపత్రావిడ చెయ్యి చూశావుగా. పాడైపోతుంది."

"మీకు తెలుసన్నమాట, పాడైపోతుందని."

పెద్దక్క కొళాయి కట్టేసింది. బోలెడు మాటలు నోటిదాకా వచ్చాయి. కాలరు సంగతి, ఆ సాయంత్రం సంగతి. "చిన్నమ్మాయ్, అప్పుడు నేను..." అని ఆగిపోయింది.

"వద్దక్కా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మీరు మేడంతో ఆ మాట చెప్తుంటే నేను తలుపవతలే ఉన్నాను. దారం బండిల్ అడుగుదామని వచ్చాను." ఉప్పు ఎక్కడుందో చెప్తున్నట్టు చెప్పింది. "అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండాలి, ఒకే పొయ్యి మీద వండుకోవాలి. మా ఆయనకి చెప్తే ఇల్లు రెండు ముక్కలయ్యేది. అందుకని ఊరుకున్నాను. మీరు విప్పు అన్నప్పుడల్లా విప్పాను. ఇప్పుడు చెప్పి మీ బరువు దింపుకుంటానంటే నాకెందుకు?"

పెరట్లో తాత కర్రతో బాన కలుపుతున్న చప్పుడు. తీగ మీద నీలి చొక్కాలు కదలకుండా వేలాడుతున్నాయి.

"నా వేళ్లు నాలుగు రోజులకే ఇలా అయ్యాయి," అంది పెద్దక్క.

"పదిరోజులు నూనె రాయండి. తోలు ఊడిపోయి కొత్తది వస్తుంది. మీకు మళ్లీ స్పర్శ వస్తుంది."

"వస్తే మళ్లీ తిన్నగా పడుతుంది కుట్టు. అప్పుడు మేడం మళ్లీ తొట్టే అంటుంది. నన్ను కాకపోతే ఆవిడని. అందుకే నిజంగానే నేర్చుకోవాలి. నువ్వు ఎలా గుచ్చుతావో నాకు చూపించు. అందరితో పాటు కాదు, ముందు నాకు."

చిన్నమ్మాయి తన జాకెట్టు భుజానికి గుచ్చుకున్న సూది తీసింది. "చెయ్యి ఇలా ఇవ్వండి."

పెద్దక్క ఎడమచెయ్యి చాపింది. పగిలి, నీలం పట్టిన చూపుడువేలిని చిన్నమ్మాయి పట్టుకుంది. పట్టుకోవడం మెత్తగానే ఉంది. సూదిని వేలి కొస మీద ఆనించి, తొందర లేకుండా లోపలికి దించింది.

"అబ్బా!" పెద్దక్క చెయ్యి లాక్కుంది.

"తెలిసింది కదా?"

"తెలియదా మరి!"

"నాలుగు రోజుల తోలు కింద కూడా తెలిసింది." చిన్నమ్మాయి అదే సూదిని తన వంగని వేలికి గుచ్చుకుంది. మొన లోపలికి పోయింది. ముఖంలో రెప్ప కూడా కదల్లేదు. బయటికి తీసి కొంగుకి తుడిచి, మళ్లీ భుజానికి గుచ్చుకుంది. "నాకు ఎక్కడ దిగిందో తెలియదు. అందుకని వంకర పోతుంది. మీకు చూపించడానికి నా దగ్గర ఇంకేం లేదక్కా."

లోపలినుంచి యజమానురాలి గొంతు వినిపించింది. "చిన్నమ్మాయ్! రా, అందరూ నీకోసమే చూస్తున్నారు."

చిన్నమ్మాయి వెళ్లిపోయింది. పెద్దక్క వేలి మీద చుక్క నెత్తురు లేచింది. నీలం మీద అది ఎర్రగా లేదు, నల్లగా ఉంది. కొళాయి విప్పి కడుక్కుంది. గిన్నె బోర్లించింది. గదిలోకి వెళ్లేసరికి చాపలు వరసగా కిటికీ వైపు తిప్పి ఉన్నాయి. కిటికీ పక్కన చిన్నమ్మాయి, ఆమె ముఖం మీద వెలుతురు, ఎదురుగా ఫోన్.

"ముందు సూది పట్టుకోండి," అంటోంది చిన్నమ్మాయి. "మీకు అలవాటైనట్టే పట్టుకోండి."

మొదటి వరసలో ఒక చాప ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ కూర్చోవడానికి ఇష్టపడలేదు. మరీ దగ్గర, ఫోన్‌లో ముఖం పడుతుంది. పెద్దక్క వెళ్లి దాని మీద కూర్చుంది. పీలిక తీసుకుని, సూదికి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. మూడుసార్లు తప్పింది. గదిలో అందరూ ఆమె కోసం ఆగారు.